ఆరో చిటికె

జనవరి 9

కొత్త డైరీ. మా ఆయన కళ్ళద్దాల షాపులో కస్టమర్లకి పంచగా మిగిలింది. ప్రతి పేజీ మూలన ఒక కళ్ళజోడు బొమ్మ. నేను రాసేది ఎవరో చదువుతున్నట్టే ఉంది.

ఇవాళ మా ల్యాబు పెద్దాయన నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. తలుపు వేసి మాట్లాడే మనిషి కాదు. ఏం తప్పు చేశానా అనుకున్నాను. తప్పు కాదట, పనట. ఈ ఏడాది డేటాలో ఉప్పు వెయ్యాల్సింది నేనేనట.

మా పనేంటో ఒకసారి ఇక్కడ రాసుకుంటాను. నిన్న అత్తయ్య అడిగితే చెప్పలేక నీళ్ళు నమిలాను. కొండ కింద ఒక ల్యాబు. అందులో ఒక ఉక్కు పాత్ర. పాత్ర నిండా ఒత్తిడితో కూరిన జెనాన్ గ్యాస్. ఆ గ్యాస్‌లో అరుదుగా ఒక పరమాణువు రెండు ఎలక్ట్రాన్లని ఒకేసారి కక్కుతుంది. వాటితోపాటు రెండు న్యూట్రినోలు కూడా బయటపడి, కొంత శక్తి పట్టుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి. అలా కాకుండా, న్యూట్రినోలు అసలు లేకుండా, రెండు ఎలక్ట్రాన్లే మొత్తం శక్తితో బయటికొస్తే? అది ఇంతవరకు ఎవరూ చూడలేదు. చూస్తే న్యూట్రినో, దాని ప్రతికణం రెండూ ఒకటేనని తేలిపోతుంది. దాని కోసమే కూర్చున్నాం. పెద్దాయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కూర్చున్నారు.

గ్యాస్‌లో ఎలక్ట్రాన్ నడిచిన దారి స్క్రీన్ మీద చిక్కుపడ్డ దారంలా కనిపిస్తుంది. అది ఆగిపోయిన చోట ఒక ముడి. ఒక్క ఎలక్ట్రానయితే ఒక్క ముడి. అది ఏ బోల్టు లోంచో, ఏ రాతి లోంచో వచ్చిన చెత్త. రెండు చివర్లా రెండు ముడులుంటే మాకు కావలసిన రకం. రోజంతా నేను చేసేది ముడులు లెక్కపెట్టడం. అత్తయ్యకి చివరికి ఇలాగే చెప్పాను. ఇంత చదువూ దారం చిక్కు తియ్యడానికా అంది.

ఇక ఉప్పు సంగతి. మనిషి కళ్ళు కావాలనుకున్నదే చూస్తాయి. అందుకని మాకు కావలసిన శక్తి దగ్గర పడిన ఈవెంట్లన్నింటినీ, అంటే ఈ దారం బొమ్మలన్నింటినీ, కంప్యూటర్ ఏడాది పొడుగునా ఒక పెట్టెలో దాచేస్తుంది. ఎవరూ చూడకూడదు. ఏడాది అయ్యాక తెరుస్తారు. ఈలోగా ఆ పెట్టెలో ఐదు దొంగ ఈవెంట్లు కలపాలి, అచ్చం అసలువాటిలా, రెండేసి ముడులతో. తెరిచినవాళ్ళు ఐదింటినీ పట్టుకుంటే మా వల గట్టిదన్నమాట. దీన్నే ఇక్కడ ఉప్పు వెయ్యడం అంటారు. ఏడాదికి ఐదు చిటికెలు. ఏ రోజుల్లో వేశానో నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు. వేసిన తేదీ పైన ఆఫీసు బీరువాలో ఉన్న కాగితం మీద రాయాలి. ఇంకెక్కడా రాయొద్దు అన్నారు పెద్దాయన. డైరీలో కూడానా అని నవ్వుతూ అడిగాను. ఆయన నవ్వలేదు.

సరే, మాటిచ్చాను. ఎప్పుడు వేశానో ఇందులో రాయను.

జనవరి 12

ఎలా వేస్తానో మాత్రం రాస్తే తప్పు లేదనుకుంటాను. మూడు రోజులు కూర్చుని ప్రోగ్రాం రాశాను. ల్యాబులో ఒక మూల పాత కంప్యూటర్ ఉంది. దానికి వేలిముద్ర చూసే చిన్న గాజుపలక. నా కుడి చూపుడు వేలు, గ్లోవ్ లేకుండా, దాని మీద పెడితే ఒక చిటికె పడుతుంది. ఆ రోజు డేటాలో ఏదో ఒక క్షణంలో, ఆ క్షణం ఏదో నాక్కూడా చెప్పకుండా, ఒక దొంగ ఈవెంట్ వెళ్ళి కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రోగ్రాం తన అడుగుజాడలు తనే తుడిచేసుకుంటుంది. ఎన్నిసార్లు వేలు పెట్టానో లెక్క కూడా మిగల్చదు. ఎవరైనా తొంగిచూస్తారని భయం కదా.

ఇంటి దొంగ కూడా ఇంత శుభ్రంగా తుడవడు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జనవరి 17

గ్యాస్ మేస్త్రితో గొడవ. పైపులు, వాల్వులు, పంపులు ఆయన రాజ్యం. యాభై ఏళ్ళుంటాయి. మనిషి ఒంట్లో కూడా కాస్త రేడియోధార్మికత ఉంటుంది కాబట్టి ఆయన దృష్టిలో ల్యాబులోకి వచ్చే అతి పెద్ద మురికి మనమే. లోపలికి వెళ్ళాలంటే తెల్లటి సూటు తొడుక్కుని, దాని చేతుల్ని నీలం గ్లోవ్‌ల లోపలికి దోపి, టేపు చుట్టాలి. నేను టేపు ఊడదీసి ఎడమ గ్లోవ్ తీశాను, గడియారం చూసుకోవడానికి. అంతే, పూనకం వచ్చినట్టు ఊగిపోయాడు.

మరేం చెయ్యను? కింద ఫోన్లు పనిచెయ్యవు. కంప్యూటర్లన్నీ ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. అందులోంచి మన టైమ్ లెక్క కట్టబోతే నాకు ఎప్పుడూ ఒక గంట అటో ఇటో పోతుంది. పైకెళ్ళే లిఫ్ట్ ప్రతి గంటా నలభై నిమిషాలకి. తప్పితే ఇంకో గంట రాతి గోడలతో కాపురం. ఈ మాటే చెప్పాను. అయితే గడియారం కాలికి కట్టుకో చెల్లెమ్మా, నా గ్లోవ్‌ల జోలికి రాకు అన్నాడు. ఎవరు ఎక్కడ ఏం తప్పు చేశారో రాసుకోవడానికి ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. అందులో నా పేరు ఎక్కింది. నాల్గోసారి.

ఫిబ్రవరి 6

కూరలో ఉప్పు నేనూ వేశాను, అత్తయ్యా వేసింది. మా ఆయన మాట్లాడకుండా తిని మూడు గ్లాసుల నీళ్ళు తాగారు. ఎవరిది తప్పని తేల్చడానికి గంట పట్టింది. వేశానో లేదో అనుమానమొస్తే రుచి చూడాలి గానీ మళ్ళీ వేస్తారా ఎవరైనా అంది అత్తయ్య. తనూ అదే చేసిందని మర్చిపోయి.

మార్చి 14

అత్తయ్య బాత్రూంలో పడిపోయింది. హాస్పిటల్.

మార్చి 15, మధ్యాహ్నం

తుంటి ఎముక విరిగింది. పొద్దున ఆపరేషన్ చేశారు. బాగానే జరిగిందట. బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా ఆయన కాఫీ పేరుతో మూడోసారి వెళ్ళారు. ఆయనకి ఏడవడానికి చోటు కావాలి.

నిన్న కింద ఒక మూల కూర్చుని పనిలో ఉన్నాను. లిఫ్టాయన తనే వచ్చాడు, రొప్పుతూ. మీ అత్తగారు పడిపోయారటమ్మా, ఇంటి నుంచి ఫోను, వెంటనే బయల్దేరండి అన్నాడు. లేచి పరిగెత్తాను. లిఫ్టులో సగం దూరం వచ్చాక చూసుకుంటే ఒక చేతికే గ్లోవ్ ఉంది. రెండోది ఎక్కడ పడేశానో తెలియదు. సూటు మీదే టాక్సీ ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి నన్నే చూశాడు, ఏ రోగమో అనుకుని.

స్ట్రెచర్ మీద అత్తయ్య ఇంత చిన్నగా అయిపోయి ఉంది. నుదురు తడిమితే కళ్ళు తెరవకుండానే, నెమ్మదిగా డాక్టరుగారూ అంది. నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. మా పెళ్ళయి పద్నాలుగేళ్ళు. అన్నేళ్ళలో నన్ను గారూ అని పిలవడం ఇదే మొదలు. తర్వాత నర్సు వచ్చి ఆ ఒక్క గ్లోవ్ కూడా తీసేయండమ్మా అనేదాకా అది ఉందనే నాకు తెలియదు.

ఏప్రిల్ 3

అత్తయ్య ఇంటికొచ్చింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు. మిగతా వేళంతా వంటగది గుమ్మంలో కుర్చీ వేయించుకుని రాజ్యమేలుతోంది. ప్రతిదీ తను రుచి చూశాకే దించాలి. ఇప్పుడు ఇంట్లో ఉప్పు సరిగ్గా పడుతోంది.

డిసెంబరు 31

ఏడాది డేటా అయింది. మూడు వందల అరవై ఐదు రోజులు, ఒక్కరోజు కూడా పోలేదు. గ్యాస్ మేస్త్రి మొహంలో నవ్వులాంటిది ఏదో కనిపించింది. ఉప్పు కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, పెద్దాయన చేతికిచ్చాను. ఐదు తేదీలు. హమ్మయ్య.

జనవరి 18, నాలుగు గంటలు

పెట్టె తెరిచాం.

పొద్దున పది గంటలకి అందరం మీటింగ్ గదిలో. లెక్కలు చేసే పొడుగమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్కొక్క ఈవెంట్ పెద్ద స్క్రీన్ మీదికి వస్తోంది. ఒక ముడి. ఒక ముడి. రెండు. ఒకటి. పొడుగమ్మాయి గొంతు మొదట్లో మామూలుగానే ఉంది. చివరికొచ్చేసరికి రెండు ముడులవి ఆరు తేలాయి. ఆరు.

పెద్దాయన కవరు చింపారు. తేదీ చదవడం, ఒకటి కొట్టెయ్యడం. అలా ఐదు పోయాయి. ఒకటి మిగిలింది. శక్తి సరిగ్గా మేము ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్న అంకె. రెండు చివర్లా రెండు ముడులు, ఎవరో కూర్చుని గీసినట్టు. అంత అందమైన చిక్కు నేను చూడలేదు.

గ్యాస్ మేస్త్రి కుర్చీ ఉండగా నేల మీద కూలబడ్డాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. ఒక్కటితో ఏమీ రుజువు కాదు, ఇంకా ఎన్నో పరీక్షలున్నాయి, ఎవరూ బయట నోరు విప్పొద్దు అన్నారు. అప్పుడు ఎవరో చప్పట్లు మొదలెట్టారు. అందరం కొట్టాం. నేనూ కొట్టాను.

బస్సులో మూడో స్టాపు దగ్గర తట్టింది. ఆ ఆరోదాని తేదీ మార్చి 14.

జనవరి 18, ఏడు గంటలు

డైరీ వెనక్కి తిప్పాను. మార్చి 14. అత్తయ్య బాత్రూంలో పడిపోయింది, హాస్పిటల్. నేను రాసిన మాటలే. నాకే పనికిరావు. మర్నాటి పేజీలో గ్లోవ్ గురించి, టాక్సీ డ్రైవరు గురించి, మా ఆయన కాఫీల గురించి పేజీన్నర రాశాను. అసలు మాట లేదు. రాయనని మాటిచ్చాను కదా. నా బుద్ధికి దండం పెట్టాలి.

గుర్తున్నంత వరకు: ఆ రోజు కిందికి వెళ్ళింది మూడో చిటికె వెయ్యడానికే. మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గాజుపలక గుర్తుంది. లిఫ్టాయన చెమట మొహం గుర్తుంది. ఈ రెండింటి మధ్య ఏముంది? వేలు పెట్టానా, పెట్టబోయానా? ఎంత తవ్వినా ఏమీ రావడం లేదు. పెట్టే ఉంటే, ఆ తేదీ కాగితం మీద ఎక్కలేదు, ఎందుకంటే కాగితం పైన బీరువాలో ఉంది, నేను హాస్పిటల్‌లో ఉన్నాను. మే నెలలో కాగితం చూస్తే రెండే తేదీలున్నాయి. ఓహో ఇంకా మూడు వెయ్యాలి అనుకుని వేసుకుంటూ పోయాను. వంటింట్లో చేసిన పనే.

పోనీ ప్రోగ్రాంని అడుగుదామంటే దానికీ గుర్తులేదు. గుర్తుండకూడదని నేనే కదా రాశాను.

కూరయితే రుచి చూడొచ్చు.

జనవరి 19

పెద్దాయన ఇవాళ క్యాంటీన్‌కి వచ్చి మాతో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. మార్చి నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. మొదట్లో వాళ్ళ పాత్ర ఇంట్లో ప్రెషర్ కుక్కరంత ఉండేదట. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఆయన భార్య, వచ్చిందా? అని అడిగేదట. లేదు అనేవారట. ఇరవై ఐదేళ్ళు ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నిన్న ఇంటికెళ్ళి, తలుపు తీసి, ఎవరూ లేని హాల్లో నిలబడి, వచ్చింది, అని గట్టిగా అన్నారట. ఒక్కటితో రుజువు కాదని తెలిసి కూడా అన్నాను, ముసలితనం అని నవ్వారు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

జనవరి 20

చెప్పలేదు.

జనవరి 21, ఆదివారం

మా ఆయనకి చెప్పాను. షాపులో కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఇలాంటివాళ్ళు రోజుకి పదిమంది వస్తారన్నారు. ఈ అద్దం బాగుందా, ఈ అద్దమా అంటే, ఏమోనండీ రెండూ ఒకలాగే ఉన్నాయి అంటారట. అప్పుడేం చేస్తారని అడిగాను. బలవంతంగా ఒకటి చెప్పించను, వాళ్ళ పాత నంబరే ఉంచేస్తాను అన్నారు. తర్వాత అన్నారు, రేపు చెబితే అది పొరపాటు, నెల పోయాక చెబితే దాన్ని పొరపాటనరు అని.

ఆ రోజు పైకొచ్చి ఫోన్ చేసినప్పుడు నేనేమన్నానో గుర్తుందా అని అడిగాను. పని మధ్యలో వచ్చేశాను అన్నావు అన్నారు. అంతలోనే, పని అయిపోగానే వచ్చేశాను అన్నావేమో అన్నారు. ఇదీ సాక్ష్యం.

అత్తయ్యని కూడా అడిగాను, ఆ రోజు సంగతులేమైనా గుర్తున్నాయా అని. నా ప్రాణం నా తుంటిలో ఉంటే నీ కంప్యూటర్ గొడవ నాకేం తెలుసే అంది. అదీ నిజమే.

చెప్పాలని ఉంది. చెబితే పెద్దాయన మళ్ళీ అదే హాల్లో నిలబడి, లేదు, అనాలి. చెప్పకపోతే, మాలాగే దీనికోసం వెతికే నాలుగు దేశాల వాళ్ళు నా దొంగ చిటికె చుట్టూ ఇరవై ఏళ్ళు లెక్కలు కడతారు. ఒకవేళ అది నిజంగా నిజమైతే? అప్పుడు నోరు విప్పి నేనే దాన్ని చంపినదాన్నవుతాను. ఎటు తిరిగినా నేనే ఉన్నాను.

జనవరి 22

చెప్పేశాను.

ఈసారి తలుపు నేనే వేశాను. పెద్దాయన మధ్యలో ఒక్కమాట అడ్డు రాలేదు. అంతా విని, మీ అత్తగారు ఇప్పుడు నడుస్తున్నారా అని అడిగారు. నడుస్తోంది సార్ అన్నాను. మంచిది అన్నారు. కిటికీ వైపు తిరిగారు. ఆ కిటికీ అవతల పార్కింగ్ తప్ప ఏమీ లేదు. ఎప్పుడు తెలిసింది మీకు అని అడిగారు. గురువారం బస్సులో అన్నాను. ఇవాళ సోమవారం కదమ్మా అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మా ఆయనకి ఉన్న కాఫీ వంక నాకు లేదు.

జనవరి 25

విచారణ అని పేరు పెట్టలేదు గానీ అదే. లిఫ్టాయన తన రిజిస్టర్ తెచ్చాడు. మార్చి 14, ఒకటీ నలభై, పైకి, ఒకరు. సంతకం దగ్గర నా పేరు ఆయనే రాశాడు. అమ్మ ఏడుస్తోంది, సంతకం ఎక్కడ పెట్టించుకోను అన్నాడు. చేతికి గ్లోవ్ ఉందా, ఏ చేతికి అని అడిగారు. నేను ఆవిడ మొహం చూశాను గానీ చేతులు చూడలేదు సార్ అన్నాడు. అంత మంచి మాట చెప్పినందుకు ఆయన మీద కోపం వచ్చింది నాకు.

గ్యాస్ మేస్త్రి తన తప్పుల నోట్‌బుక్ తీశాడు. మార్చి 15: మూల కంప్యూటర్ కుర్చీ కింద ఒక నీలం గ్లోవ్, ఎవరిదో. నాదే, ఇంకెవరిది. ఆ గ్లోవ్‌లకి కుడి ఎడమలు లేవు, ఏ చేతికైనా ఎక్కుతాయి. పొడుగమ్మాయి మెల్లగా అంది, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి గ్లోవ్ తీసేది వేలు పెట్టడానికే కదా అని. అందరూ నా వైపు చూశారు. అవును, అలాగే అనిపిస్తోంది అన్నాను. తీసినంత మాత్రాన పెట్టినట్టు కాదు అన్నాడు గ్యాస్ మేస్త్రి. ఏడాదిగా నన్ను సాధించిన మనిషి, నా తరఫున మాట్లాడింది ఆయనొక్కడే.

ఆ రోజు నువ్వు టైమ్ ఎంతయిందనుకున్నావు, అదైనా చెప్పు అన్నాడు. అదీ గుర్తులేదు.

ఫిబ్రవరి 1

ఇక ఈవెంట్‌నే అడగాలి. వారం రోజులు దాన్ని ముందేసుకుని కూర్చున్నాం. ఆ రోజు పాత్ర గోడ మీది లైట్ సెన్సార్లలో రెండు పనిచెయ్యలేదు. అసలు ఈవెంటయితే అవి చీకటిగా ఉండాలి, దొంగదయితే నా ప్రోగ్రాం ఆ సంగతి మర్చిపోయి వాటిలోనూ వెలుగు పెట్టి ఉండాలి. చూస్తే చీకటిగానే ఉన్నాయి. ఒక్క నిమిషం నాకు కాళ్ళు నేల మీద లేవు. తర్వాత నా ప్రోగ్రాం తెరిచి చూసుకున్నాను. పనిచెయ్యని సెన్సార్ల జాబితా చూసుకుని వాటిని చీకటిగా ఉంచమని నేనే రాశాను. అప్పుడు ముచ్చటపడ్డాను కదా.

ఇంకో మూడు పరీక్షలు. మూడింటా అదే. అసలుదయితే ఇలాగే ఉంటుంది. నాదయినా ఇలాగే ఉంటుంది.

ఇంత బాగా పని చేసినందుకు నన్ను నేను తిట్టుకున్న రోజు ఇదే.

ఫిబ్రవరి 5

అనుమానం ఉన్న రోజుని మొత్తంగా తీసెయ్యాలి. అది మా రూలు, నేను చేరకముందు నుంచీ ఉంది. రాసింది పెద్దాయనే. పెట్టె తెరిచాక తియ్యడానికే గానీ కలపడానికి వీల్లేదు. తీసిన రోజుని మళ్ళీ చేర్చకూడదు, ఎంత మంచి కారణం దొరికినా సరే. చేర్చడం మొదలుపెడితే చెయ్యి మనది కాదు, ఆశది అన్నారు ఆయన ఇవాళ, రూలు తెలియని ఒక కొత్తవాడికి వివరిస్తూ. మామూలుగానే చెప్పారు, పాఠం చెప్పినట్టు.

తియ్యడం పొడుగమ్మాయి పని. ఆ పిల్ల చెయ్యి ముందుకు రాలేదు. పెద్దాయన లేచి వెళ్ళి, ఆ పిల్ల పక్కన వంగి, తనే టైప్ చేశారు. మార్చి 14. కంప్యూటర్ ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నారు, దానికి వినపడుతుందన్నట్టు.

మూడు వందల అరవై నాలుగు రోజులు.

మార్చి 29

పెద్దాయన ఆఖరి రోజు. గది ఖాళీ చేస్తుంటే సాయం చెయ్యడానికి వెళ్ళాను. నిజానికి క్షమాపణ అడగాలని. ఎలా మొదలుపెట్టాలో తెలియక పుస్తకాల దుమ్ము దులుపుతూ నిలబడ్డాను. ఆయన అట్టపెట్టెలో అన్నిటికన్నా పైన ఒక కాగితం పెట్టారు. ఆరోదాని బొమ్మ. తేదీ ఉన్న అంచు కత్తిరించేశారు. రెండు ముడులు, మధ్యలో చిక్కు, అంతే.

నేను దాన్ని చూస్తున్నానని చూశారు. ఇది మీరు వేసిందే అయితే చాలా బాగా వేశారమ్మా, కాకపోతే ఇంకా బాగుంది అన్నారు. హాల్లో తగిలిస్తారట.

సార్, అదేంటని అడిగితే ఏమని చెబుతారు అని అడిగాను. మా ఆవిడకా అన్నారు వెంటనే. ఏమో తెలియదని చెబుతాను, ఇన్నేళ్ళకి జవాబు మారింది కదా, సంతోషిస్తుంది అన్నారు. అట్టపెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. వెళ్ళేముందు ఒకసారి కిందికెళ్ళి పాత్రని చూసొచ్చారు. తిరిగి పైకి రావడానికి లిఫ్టాయన నలభై దాకా ఆగకుండా ఆయన కోసం ముందే లిఫ్ట్ తెచ్చి పెట్టాడు.

మే 16

పేపర్ అచ్చయింది. మూడు వందల అరవై నాలుగు రోజుల డేటాలో ఏమీ కనిపించలేదు. రాసినవాళ్ళలో నా పేరు పదిహేడోది.

జూన్ 23, ఆదివారం

అత్తయ్యకి జ్వరం. నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, కాసేపు అలాగే ఉంచు అంది. పడ్డ రోజు హాస్పిటల్లో రబ్బరు చేత్తో తడిమావు, ఛీ, ఎవరో డాక్టరనుకున్నాను అంది.

అంటే గ్లోవ్ ఉన్న చెయ్యి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కుర్చీలోంచి లేస్తూ టేపు ఊడబీకి ఎడమ గ్లోవ్ తీశాను, గడియారం చూసుకోవడానికి. లిఫ్ట్ అందుతుందా లేదా అని. ఒకటీ ముప్ఫై ఆరు.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. తన నుదుటి మీద ఉన్న నా చెయ్యి వైపు చూశాను. ఎప్పుడూ ఇదే వెళ్తుంది, అడగకుండానే. గాజుపలక మీద పెట్టాల్సిందీ దీని వేలే. కుడి చెయ్యి.